జేబుల్లేని వాళ్ళ చాకు

‘జేబుకత్తి’ అన్న మాట దగ్గరే నాకు మొదటి చిక్కొచ్చింది. ఏ జేబు? చీరకి జేబుండదు. జాకెట్టుకుండదు. పంజాబీ డ్రెస్సుకి దర్జీని బతిమాలి కుట్టించుకుంటే తప్ప ఉండదు. రోజూ వెంట ఉంచుకోడానికి మంచి మడతచాకు ఎలా ఎంచుకోవాలో చెప్పే వ్యాసాలు కొన్నాళ్ళుగా చదువుతున్నాను. పాంటు జేబులో బరువు తెలియకుండా పడుండాలన్నది వాటిలో దాదాపు మొదటి సూత్రం. ఆ ఒక్క వాక్యంతో నేను గుమ్మం బయటే నిలబడిపోయాను.

అయినా నాకు చాకు కావాలి. పోస్టులో పుస్తకాల కట్టలొస్తాయి. ప్రూఫులు ఇప్పటికీ పెన్సిల్‌తోనే దిద్దుతాను. రైల్లో జామకాయ కొంటాను. క్లాసుకెళ్ళబోతుంటే చీర అంచున దారం వేలాడుతుంది. బీపీ మాత్ర సగం చెయ్యాలి. ఇవన్నీ యాభై ఏళ్ళపాటు పళ్ళతోనో, తాళంచెవితోనో, పక్కనున్న మగవాళ్ళని అడిగో చేస్తూ వచ్చాను. ‘కాస్త ఇది కోసిపెడతారా’ అని అడగడం చిన్న విషయమే. కానీ ఎన్ని వందలసార్లు అడిగానో లెక్కేసుకుంటే చిన్నదిగా అనిపించలేదు.

సంప్రదాయ చాకుల లోకంలోకి తొంగిచూస్తే పేర్లే కథంతా చెప్పేస్తాయి. అమెరికన్ మడతచాకుల్లో ఒకటి ట్రాపర్, అంటే ఉచ్చులు పన్నే వేటగాడిది. స్టాక్‌మన్ పశువుల పెంపకందారుది. సాడ్‌బస్టర్ బీడు దున్నే రైతుది. మరి ఆడవాళ్ళు ఎక్కడా లేరా అంటే, ఉన్నారు. బూటు తొడిగిన ఆడదాని కాలు ఆకారంలో పిడి చెక్కిన పాతకాలపు చాకు ఒకటుంది. ఒంటినే పిడి చేసి ఆయన జేబులో పెట్టారన్నమాట! స్విట్జర్లాండులో సైనికుల చాకులు చేసిన కార్ల్ ఎల్సెనర్ మాత్రం 1909లో తల్లి చనిపోయాక ఆమె పేరు విక్టోరియానే తన సరుకు గుర్తుగా పెట్టుకున్నాడు. తుప్పు పట్టని ఉక్కు వచ్చాక 1921లో దానికి ‘ఇనాక్స్’ చేరి విక్టోరినాక్స్ అయింది. ఆ ఎర్రచాకు చూసినప్పుడు అమ్మ పేరు ఎవరికి గుర్తొస్తుంది?

ఇంగ్లండులో చాకుల ఊరు షెఫీల్డు. అక్కడి కార్ఖానాల్లో చెంచాలకి, కత్తులకి మెరుగుపెట్టే పని ఆడపిల్లలది. వాళ్ళని బఫర్ గర్ల్స్ అనేవారు. మసి, నూనె చిమ్మి మీద పడకుండా ఒంటికి కాగితాలు చుట్టుకుని, తలకి గుడ్డలు కట్టుకుని పనిచేసేవారు. విలియం రోథెన్‌స్టయిన్ 1919లో వాళ్ళ బొమ్మ వేశాడు. మెరుగు మనది, జేబు వాళ్ళది.

ఇక మన ఇళ్ళకొస్తే... మా అమ్మకి కత్తిపీట ఉండేది. దానంత పదునైన వస్తువు మా ఇంట్లో ఇంకోటి లేదు. పెద్ద కందగడ్డని రెండు ముక్కలు చేసేది, అదే అలుగు మీద చిక్కుడుకాయ ఈనె తీసేది. చింతపండు, బూడిద వేసి తోమితే తళతళలాడేది. కానీ కత్తిపీట కదలదు. కాలితో తొక్కిపట్టి దాని ముందు కూర్చోవాలి. కత్తి మన దగ్గరికి రాదు, కూరగాయలు తీసుకుని మనమే దాని దగ్గరికి వెళ్ళాలి. ఆ కూర్చున్న చోటే వంటిల్లు. మగవాడి చాకు మాత్రం మడుచుకుని వాడితో ఊళ్ళు తిరుగుతుంది. నాకీ తేడా చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

ఇది మా వంటి ఇళ్ళ సంగతే సుమా. కోతలకి వెళ్ళే ఆడవాళ్ళ చేతిలో కొడవలి ఎప్పుడూ ఉంది. ఊరి నడిమధ్య నుంచి పట్టుకుపోతే ఎవరూ ఉలిక్కిపడలేదు. ఆ పదును దొర పొలంలో పంట కోయడానికి గనక. మా అమ్మమ్మ దగ్గర ఇంకోటుండేది. బొడ్లో దోపుకున్న చిన్న గుడ్డసంచిలో ఆకులు, వక్కలు, సున్నపుకాయ, వాటితోపాటు బొటనవేలంత అడకత్తెర. ఎవరినీ అడక్కుండా తన సుఖం కోసం తను కత్తిరించుకునే పనిముట్టు! ఆడవాళ్ళ జేబుకత్తికి మనకీ సంప్రదాయం ఉందంటే నా లెక్కలో అదే.

సరే, ఎంపిక. పాత పద్ధతి మడతచాకుల్లో చాలావాటికి వెనక స్ప్రింగు ఉంటుంది. అలుగు మీదున్న చిన్న గాడిలో గోరు దూర్చి లాగాలి. అంట్లు తోమి తోమి అరిగిన నా గోళ్ళకి అది లొంగలేదు. జపానులో హ్యోగో ప్రాంతపు మికి పట్టణంలో చేసే హిగోనోకామి చాలా నచ్చింది. ఒకప్పుడు అక్కడి బడిపిల్లలు పెన్సిళ్ళు చెక్కుకున్నది దీంతోనే. రేకు మడిచిన పిడి, అలుగు వెనక చిన్న తోక, అంతే. స్ప్రింగూ లేదు, తాళమూ లేదు. ఆ తోకని బొటనవేలితో అదిమి ఉంచినంతసేపే అలుగు నిలుస్తుంది. నా బొటనవేలికి కీళ్ళనొప్పి.

చివరికి ఓపినెల్ 6వ నంబరు తీసుకున్నాను. ఫ్రాన్సు కొండప్రాంతం సవోయ్‌లో జోసెఫ్ ఓపినెల్ 1890లో రైతుల కోసం మొదలుపెట్టిన చాకు. బీచి చెక్క పిడి, 7 సెంటీమీటర్ల అలుగు. 1955లో చేర్చిన ఉంగరం ఒకటుంది, తెరిచాక తిప్పితే అలుగు వేళ్ళ మీదికి మడుచుకోదు. తుప్పు పట్టనిది కాకుండా మామూలు ఉక్కుదే అడిగాను. మామిడికాయ కోస్తే నల్లబడుతుంది, నిమ్మకాయ కోస్తే మచ్చలు పడుతుంది. అమ్మ కత్తిపీట లాగే. వెంటనే తుడిచి చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు. వానాకాలంలో చెక్క ఉబ్బి అలుగు బిగుసుకుంటుంది, అప్పుడు పిడి చివర బల్లకేసి కొడితే కాస్త బయటికొస్తుంది. సవోయ్ వాళ్ళూ ఇంతేనట.

ఇంత ఆలోచించి కొన్న చాకుని చూసి అందరూ అడిగేది ఒకటే: ‘సేఫ్టీ కోసమా మేడమ్?’ ఒక స్కానర్ దగ్గర సెక్యూరిటీ అమ్మాయి సానుభూతిగా అడిగింది, డిపార్టుమెంటులో సహోద్యోగి నవ్వుతూ అడిగాడు. ఆయన తాళాలగుత్తికే చిన్న చాకు వేలాడుతోంది. దాన్ని ఎవరూ ఏ ప్రశ్నా అడగలేదు.

ఆడదాని చేతికి పదునైనదేదైనా ఇస్తే మానం కోసమే ఇవ్వాలి. జపాను సమురాయ్ ఇళ్ళ ఆడవాళ్ళకి కైకెన్ అనే చిన్న బాకు ఉండేది. శత్రువు కోసం, అవసరమైతే తమ ప్రాణమే తీసుకోడానికి. సంప్రదాయ పెళ్ళికూతురి అలంకారంలో అదిప్పటికీ ఉంది. మన సినిమాల్లో కథానాయిక చాకు ఎత్తిందంటే ఎందుకో మనకు తెలుసు. 2012 డిసెంబరు ఢిల్లీ ఘోరం తర్వాత, 2013 జనవరిలో ముంబైలో శివసేన ఆడవాళ్ళకి చాకులు పంచింది. వీధిని బాగుచెయ్యడం కన్నా అది తేలిక. మన భద్రత బాధ్యతని మన హాండ్‌బాగ్‌లోనే పెట్టి జిప్ వేసెయ్యడం!

ఆయుధాల నియమాల్లో లైసెన్సు ప్రసక్తి వచ్చేది 9 అంగుళాలకి మించిన, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన అలుగులకి. ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవి అందులోకి రావు. నాది 3 అంగుళాలు కూడా లేదు. విమానంలో మాత్రం చేతిసంచిలో పెట్టనివ్వరు, పెద్దపెట్టెలో వెయ్యాలి. ఆ నిబంధనతో నాకు పేచీ లేదు. దాంతో ఎవరినీ పొడవలేను, పొడవాలనీ లేదు. జామకాయ కోసుకోడానికని చెబితే ఎందుకో నమ్మరు. ఆడదానికి భయం లేకుండా కత్తి అవసరమవుతుందన్న ఊహే వాళ్ళకి కష్టంగా ఉంది.

పోయిన వేసవిలో మా తమ్ముడి కూతురికి పదకొండేళ్ళు నిండాయి. పిల్లల కోసం మొన గుండ్రంగా చేసిన ఓపినెల్ తెప్పించాను. ‘ఆడపిల్లకి కత్తి బహుమతేంటి వదినా’ అంది మరదలు. కత్తి చేతికి చేతికి ఇవ్వకూడదంటారు కదా, బల్ల మీద పెట్టాను. అది తీసుకుంది. ఉంగరం ఎటు తిప్పాలో, ఎప్పుడూ ఒంటికి అవతలివైపుకే ఎందుకు చెక్కాలో చూపించాను. సాయంత్రానికి ఇంట్లో ఉన్న పెన్సిళ్ళన్నీ సూదుల్లా చెక్కి పెట్టింది, వాళ్ళమ్మ కాటుక పెన్సిల్‌తో సహా.