పాటకు కూలి



కోత కోసినవానికి సాయంకాలమున కూలి ముట్టనియెడల ఊరంతయు అది అన్యాయమనును. అయితే పాట కట్టినవానికి ఏమి ముట్టెనని ఎవరును అడుగరు. పాట గాలిలో పుట్టి గాలిలో పోవునదని మన తలంపు. ఇప్పుడు అది గాలిలో పోవుట లేదు. ఇంటింట ఫోనులో నిలిచియున్నది. అది వినబడినప్పుడు ఎవరికో కొంత పైకము చేరుచున్నది. ఎవరికి? ఈ ప్రశ్న మీ యెదుట నుంచగోరుచున్నాను.

నాకీ తలంపు పుట్టించినవాడు మా ప్రాంతపు సహోదరుడొకడు. ఆయన పగలు కౌలు సేద్యము చేసికొనుచు, రాత్రివేళ పాటలు కట్టును. ఆయన పాట నొకదానిని పట్టణపు బృందమొకటి మంచి వాద్యములతో పాడి యూట్యూబులో ఉంచెను. వేలమంది వినిరి. వాయించినవారి పేర్లు, వీడియో తీసినవారి పేరు అందులో కలవు. కట్టినవాని పేరు మాత్రము లేదు. "డబ్బు మాట అటుంచండి అయ్యగారూ, నా పేరైనా వేయకూడదా?" అని ఆయన నన్నడిగెను. అప్పటినుండి నేను చట్టము సంగతి విచారించితిని.

మన కాపీరైటు చట్టము 1957లో చేయబడినది. పాట ఒక్కటే అయినను, మాటలు వ్రాసినవానికి ఒక హక్కు, రాగము కూర్చినవానికి ఒక హక్కు, రికార్డు చేయించినవానికి వేరొక హక్కు కలవు. పాడినవారి సంగతి చాలకాలము తేలలేదు. 1960వ దశకములో గాయకులకును రాయల్టీ రావలెనని లతా మంగేష్కర్ గారు కోరిరి. పాడినందుకు పైకము పుచ్చుకొన్న తరువాత ఇక అడుగ పనిలేదని మహమ్మద్ రఫీ గారు తలంచిరి. ఈ భేదముచేత వారు కొన్ని సంవత్సరములు కలిసి పాడలేదు. ఇద్దరును గొప్పవారే, ప్రశ్న అంత కఠినమైనది.

నిర్మాత సొమ్మిచ్చి సినిమాకు కట్టించిన పాటకు, వేరు ఒప్పందము లేనియెడల, నిర్మాతయే మొదటి హక్కుదారుడని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2012లో చట్టము సవరింపబడినది. హక్కు అమ్మివేసినను, సినిమాహాలులో చిత్రముతో కూడ వినిపించుట తప్ప తక్కిన వాడకముల రాయల్టీలో కవికిని స్వరకర్తకును సమభాగము నిలిచియుండును. ఆ భాగమును వారసులకో, రాయల్టీ వసూలుచేయు సొసైటీకో తప్ప మరెవరికిని వ్రాసియియ్య వీలులేదు. పాటను వ్యాపారమునకు వాడినప్పుడు పాడినవారికిని వాటా కలదు.

ఫోనులో పాటలు వినిపించు కంపెనీలు చందాల సొమ్మును, ప్రకటనల సొమ్మును కూర్చి, ఏ పాట ఎన్నిసార్లు వినబడెనో లెక్కించి పంచుచుండును. ఒక్కసారి విన్నందుకు వచ్చునది పైసలలోనే. గింజ గింజ కూడినగాని కుంచము నిండదు. లెక్కలో పేరు లేనివానికి ఆ గింజయు రాదు.

పేరు విషయములో చట్టము ఇంకను గట్టిగా ఉన్నది. హక్కంతయు అమ్ముకొన్నను, ఇది నా రచన అని చెప్పుకొను హక్కు రచయితకు పోదు. ఈ మాట చూపి ఆ బృందమునకు ఉత్తరము వ్రాసితిమి. వారు పేరు చేర్చిరి. సొమ్ము మాట ఇంకను తేలలేదు.

చదువరీ, భయపడవద్దు. ఆరాధనలో పాడుటకు, పెండ్లి ఊరేగింపులో పాడుటకు ఎవరి సెలవును అక్కరలేదు. చట్టమే దానిని విడిచిపెట్టినది. రచయిత మరణించి అరువది సంవత్సరములు గడచిన పాట అందరిది. 1890లో గతించిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఎవరైనను అచ్చువేసికొనవచ్చును. అయితే జీవించియున్నవాని పాటను పుస్తకములో అచ్చువేయుట, రికార్డు చేసి లోకమునకు పంపుట వేరు సంగతి. దానికి అడుగవలెను.

కాబట్టి మీ సంఘములో పాట కట్టువారెవరైన ఉన్నయెడల, పాటను, పేరును, తేదీని కాగితముమీద వ్రాసి ఉంచుకొనుమని చెప్పుడి. హక్కు పుట్టుటకు రిజిస్ట్రేషను అక్కరలేదు గాని, వివాదము వచ్చినప్పుడు ఆ కాగితము సాక్ష్యమగును. మీ యౌవనస్థులు వీడియో తీయునప్పుడు, మొదట కట్టినవానిని అడిగి, మొదటి వరుసలో ఆయన పేరు వేయవలెను. సొమ్ము వచ్చినయెడల, వచ్చినది పది రూపాయలైనను, పంచుకొనవలెను. పొలములో మనకు తెలిసిన న్యాయము పాటయందును తెలిసినదై యుండనిండు.