ఓడ చేను

మా అమ్మమ్మ వాళ్ళింట్లో రెండో ప్రపంచ యుద్ధం మాటొస్తే హిట్లర్ పేరు వచ్చేది కాదు, మనియార్డరు మాట వచ్చేది. "అది రెండో మనియార్డరు ఏడు", "అప్పటికింకా మనియార్డర్లు మొదలుకాలేదు" అని లెక్కలు చెప్పేవాళ్ళు. యుద్ధానికి వెళ్ళింది మా చిన్న తాతయ్య, అంటే తాతయ్యకు తమ్ముడు. ఆ మనియార్డర్లు వచ్చింది ఆయన భార్య, మా చిన్నమ్మమ్మ పేరు మీద.

వాళ్ళ ఊరు పర్చూరు పక్కన. అప్పుడది గుంటూరు జిల్లా. 1970లో ప్రకాశం జిల్లాలో కలిసింది, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లాలే మారుతున్నాయి. అంతా నల్లరేగడి. వానొస్తే కాలు దిగబడుతుంది, ఎండొస్తే నెర్రెలిస్తుంది. పత్తి, మిరప తప్ప వేరే ధ్యాస లేని ఊరు. అలాంటి ఊళ్ళోంచి ఒకడు ఓడ ఎక్కాడంటే కారణం ఒక్కటే, అప్పు. 1940లో ఆయన చీరాలలో రైలెక్కి వెళ్ళి రాయల్ ఇండియన్ నేవీలో స్టోకరుగా చేరాడు. ఓడ అడుగున బాయిలర్ల దగ్గర పని. "ఆ వేడి నీకు ఆనిందా?" అని అడిగితే, "మిరప కళ్ళంలో పుట్టినోడికి అదొక వేడా" అనేవాడట.

ఊళ్ళో వాళ్ళకి నేవీ అన్న మాట నోరు తిరగలేదు. ఆయన్ని 'మిలట్రీ ఆయన' అన్నారు, చిన్నమ్మమ్మని 'మిలట్రీ ఆయన భార్య' అన్నారు. అప్పటికి ఆవిడ సముద్రాన్ని చూసింది ఒక్కసారే, కార్తీక పౌర్ణమికి ఓడరేవులో స్నానానికి వెళ్ళినప్పుడు. పేరులో ఓడ ఉంది గానీ ఆ రోజు అక్కడ చేపల పడవలే ఉన్నాయట.

ఆయన జీతంలో కొంత కోసి, నెలకు పదిహేను రూపాయలు ఇంటికి పంపేవాళ్ళు. పోస్టుమ్యాను వచ్చి అరుగు మీద కూర్చుని ఫారం తీసేవాడు. చిన్నమ్మమ్మకి చదువు రాదు. వేలిముద్ర వేస్తే పక్కన సాక్షి సంతకం కావాలి. ఆ సంతకం బావగారిది, అంటే మా తాతయ్యది. ఆవిడ తలుపు చాటు నుంచి బొటనవేలు చాపడం, తాతయ్య సంతకం పెట్టడం, డబ్బు లెక్కపెట్టి తాతయ్య జేబులో పెట్టుకోవడం. తాతయ్య చెడ్డవాడేం కాదు. ఉమ్మడి సంసారం, షావుకారు దగ్గర నోట్లు, పత్తికి ధర లేదు. ఏ రూపాయి వచ్చినా ఆ గుంటలోకే పోయేది.

ఒకసారి చిన్నమ్మమ్మ కూతురికి కోరింత దగ్గు పట్టుకుంది. చీరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. బండి కిరాయి, మందులు. బావగారిని ఎదురుగా నిలబడి అడిగే రోజులు కావు కదా! అమ్మమ్మ చేత అడిగించింది. "పత్తి అమ్మాక చూద్దాం" అన్నాడు. పత్తి ఇంకా చేలోనే ఉంది. అమ్మమ్మ ఒక్క మాటనలేదు. పోపుల పెట్టె అడుగున దాచిన రూపాయలు తీసి తోటికోడలి చేతిలో పెట్టింది. పిల్ల కోలుకుంది.

ఆ మర్నాటి నుంచే పాఠం మొదలైంది. అమ్మమ్మ మూడో తరగతి దాకా చదివింది. మధ్యాహ్నం మగవాళ్ళు చేలకి వెళ్ళాక, వెనక వసారాలో ముగ్గుపిండి పరిచి, వేలితో చిన్నమ్మమ్మ పేరు రాసి చూపించేది. నాలుగే అక్షరాలు. "అ ఆలు తర్వాత నేర్చుకుందువుగాని, ముందు నీ పేరు నేర్చుకో" అందట. రాయడం, చెరపడం, ఎవరైనా వస్తున్నారంటే దాని మీద ముగ్గు వేసేయడం. నెల పట్టింది.

తర్వాత మనియార్డరు వచ్చినప్పుడు తాతయ్య కలం మూత తీసి కూర్చున్నాడు. చిన్నమ్మమ్మ తలుపు చాటు నుంచే, "వేలిముద్ర వద్దు. సంతకం పెడతాను" అంది. పోస్టుమ్యాను తాతయ్య వంక చూశాడు. తాతయ్య తలుపు వంక చూశాడు. ఆవిడ బయటికి వచ్చి, కూర్చుని, నాలుగక్షరాలూ రాసి, డబ్బు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"ఎవరు నేర్పారు?" అన్నాడు తాతయ్య.

"నేనే" అంది అమ్మమ్మ వంటింట్లోంచి.

ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. మూడు రోజులు అమ్మమ్మతో మాట్లాడలేదు. కానీ చిన్నమ్మమ్మ ఆ పదిహేనులో ఎనిమిది రూపాయలు ఇంటి ఖర్చుకని అమ్మమ్మ చేతికిచ్చి, ఏడే దగ్గర పెట్టుకుంది. పై నెల పోస్టుమ్యాను రాగానే తాతయ్యే లోపలికి వినబడేలా, "అమ్మాయ్, నీ మనియార్డరొచ్చింది" అని పిలిచాడట. ఆ 'నీ' అన్న మాటని అమ్మమ్మ మాకు చెప్పిన ప్రతిసారీ గట్టిగా నొక్కి చెప్పేది.

1941 డిసెంబరులో జపాను యుద్ధంలోకి దిగింది. అంతకు ముందు మన దేశపు పొట్టి పింజ పత్తిని ఎక్కువగా కొనేది జపాను వాళ్ళే. పత్తి కొన్నవాళ్ళే 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశారు. ఊళ్ళో సాయంత్రమైతే దీపాలు తగ్గించేవాళ్ళట. చిన్న తాతయ్య ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఉత్తరాల్లో ఊరి పేరుంటే సెన్సారు వాళ్ళు కొట్టేసేవాళ్ళు. చివరికి మిగిలేది, "నేను క్షేమం. అక్కడ వానలు పడ్డాయా? పిల్ల నడుస్తోందా?" అంతే.

ఆయన అప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. యుద్ధ సమయంలో ఆస్ట్రేలియా వాళ్ళు బాథర్స్ట్ తరగతి అని 60 చిన్న యుద్ధనౌకలు కట్టారు. వాటిలో నాలుగు మన నేవీకి. పేర్లు బాంబే, మద్రాస్, బెంగాల్, పంజాబ్. వాటిని నడుపుకుని రావడానికి మనవాళ్ళే వెళ్ళారు. చిన్న తాతయ్యకి పడింది 'బాంబే'. సిడ్నీలో మోర్ట్స్ డాక్‌లో కట్టిన ఓడ.

1942 మే 31 రాత్రి ఆ ఓడ సిడ్నీ రేవులోనే ఉంది. ఆ రాత్రే మూడు జపాను బుల్లి సబ్‌మెరైన్లు రేవులోకి దూరాయి. అమెరికా వాళ్ళ యుద్ధనౌక మీదికి వదిలిన టార్పెడో గురి తప్పి, నావికులు పడుకునే కటబుల్ అనే పాత ఫెర్రీ కింద పేలింది. 21 మంది నావికులు నిద్రలోనే పోయారు. వచ్చిన ఆరుగురు జపాను వాళ్ళూ చనిపోయారు. రేవులోంచి నలుగురి శవాలు దొరికితే, ఆస్ట్రేలియా వాళ్ళు సైనిక లాంఛనాలతో దహనం చేసి, అస్థికలు జపానుకు పంపించారు.

చిన్న తాతయ్య ఇంటికొచ్చాక ఈ కథ చెప్పడం మొదలుపెడితే, "మే నెలాఖరు, గడ్డకట్టే చలి, ఒంటి మీద రెండు కోట్లు" అనేవాడు. అక్కడే అరుగు మీద వాళ్ళు ఘొల్లున నవ్వేవాళ్ళు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి గానీ చలేమిటి? ఇక సబ్‌మెరైన్లు, సర్చిలైట్లు ఎవరు నమ్ముతారు! మిలట్రీ ఆయన కాస్తా 'కోతల మిలట్రీ' అయ్యాడు. రాను రాను ఆయన చెప్పడం మానేశాడు.

చిన్నమ్మమ్మ మాత్రం నవ్వలేదు. మొదటిసారి విన్నప్పుడు ఆవిడ అడిగింది ఒక్కటే. "ఆ జపాను పిల్లల బూడిద నిజంగా ఇంటికి పంపారా?" పంపారని ఆయన చెబితే, "పోన్లే, వాళ్ళ అమ్మలకి ఎదురుచూపు తప్పింది" అందట.

ఎదురుచూపు అంటే ఏమిటో ఆవిడకి తెలుసు. 1942 చివర్లో మనియార్డరు ఆగిపోయింది. కార్తీకం పోయింది, మార్గశిరం పోయింది, సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది. పత్తి తీతలు నడుస్తున్నాయి. చేలో ఆడవాళ్ళు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆవిడ దగ్గరికి రాగానే ఆపేసేవాళ్ళు. కొందరు ముఖం వంక చూడకుండా బొట్టు వంక చూసేవాళ్ళు. ఆవిడ మునుపటి కంటే పెద్ద బొట్టు పెట్టుకుని, తెల్లారకముందే ఒడి కట్టుకుని చేలోకి దిగేది. "రాత్రిళ్ళు మాత్రం మనియార్డరు కూపన్లు తీసి లెక్కపెట్టుకునేది. వాటిని దారానికి గుచ్చి దాచుకుంది" అని అమ్మమ్మ చెప్పేది. తోటికోడలు నిద్రపోయేదాకా అమ్మమ్మ కూడా పడుకునేది కాదట. మాఘమాసంలో మూడు మనియార్డర్లు ఒకేసారి వచ్చాయి. ఆ రోజు చిన్నమ్మమ్మ మూడు చోట్ల సంతకం పెట్టి, లోపలికి వెళ్ళి, తలుపు గడియ పెట్టుకుని ఏడ్చింది.

ఆయన 1946లో వచ్చాడు. ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే శిక్షణ కేంద్రంలో తిండి బాగాలేదని మొదలైన నావికుల సమ్మె దేశమంతా పాకిన ఏడు అది. మనవాడు ఒక రేకు పెట్టెతో, చలికోటుతో దిగాడు. పింఛను లేదు. చిన్నమ్మమ్మ తన డబ్బు మూట విప్పి ముందు పెట్టింది. నెలకు ఏడు రూపాయలు, దానికి తోడు ఒక గేదె పాల డబ్బు. ఆయన తెచ్చింది కలిపి 70 సెంట్ల చేను కొన్నారు.

"దస్తావేజు ఉమ్మడి మీద రాయిద్దాం" అన్నాడు తాతయ్య. ఈసారి మాట్లాడింది చిన్న తాతయ్య. "నేను సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ సంతకం పెట్టింది అది. ఇప్పుడూ అదే పెడుతుంది." చేను చిన్నమ్మమ్మ పేరు మీదే రిజిస్టరైంది. ఆ దస్తావేజు నేను చూశాను. కిందికి జారిపోతున్నట్టున్న నాలుగక్షరాలు. రెండో అక్షరానికి తలకట్టు కాస్త పెద్దది, అచ్చం అమ్మమ్మ రాసినట్టే.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. మా పెద్దమామయ్య మనవరాలు సిడ్నీలో ఉద్యోగం చేస్తోంది. మోర్ట్స్ డాక్ ఉన్న చోట ఇప్పుడు పార్కు ఉంది. పోయిన మే నెలాఖరులో అది అక్కడి నుంచి మా అమ్మకి వీడియో కాల్ చేసింది. ఒంటి మీద మందపాటి కోటు, ముక్కు ఎర్రగా. అమ్మ ఇక్కడ కూలర్ ముందు కూర్చుని చెమట తుడుచుకుంటూ, ఆ కోటు వంకే చూస్తూ ఉండిపోయింది. "మా చిన్నాన్నని ఎంత నవ్వారే!" అంది చివరికి.

కూపన్ల దారం చిన్నమ్మమ్మ కూతురి దగ్గరుంది. కోరింత దగ్గు వచ్చిన పిల్లే ఆవిడ. చేను కూడా ఆవిడదే. ఈ ఏడు అందులో మిరప వేశారు. సముద్రం అక్కడికి ఇరవై కిలోమీటర్ల పైనే. అయినా కాయ కోతకు వచ్చే కూలీలు సైతం దాన్ని 'ఓడ చేను' అనే అంటారు.