ఇంజను బోరుకొచ్చింది!

2016 మే నెలలో ఒకే వారంలో మా ఇంట్లో రెండు విశేషాలు జరిగాయి. రెండో కాన్పుకి సాయంగా ఉందామని అమ్మా నాన్నా బెజవాడ నుంచి డల్లాస్‌లో దిగారు. నా కారు ఇంజను పగిలింది. మొదటిది అనుకున్నదే, రెండోది మాత్రం అచ్చంగా స్వయంకృతం.

కారు మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 8, 2003 మోడలు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా. ఇంజను 4జీ63, అంటే రెండు లీటర్లు, నాలుగు సిలిండర్లు, ఇనప బ్లాకు, టర్బో. కంపెనీ లెక్క ప్రకారం 271 హార్స్‌పవర్. చాలదా అని మీరడగొచ్చు. మా ఆవిడ కూడా అదే అడిగింది.

టర్బో గురించి ఒక్క ముక్క. సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాల్చొచ్చు, అదే పవరు. నా కారుకి కంపెనీ పెట్టిన బూస్టు సుమారు 19 పీఎస్ఐ. అది పెంచడానికి ఇంజను విప్పక్కర్లేదు. చిన్న సొలెనాయిడ్ మార్చి, లాప్‌టాప్ తగిలించి, టేబుల్లో అంకెలు మారిస్తే సరి. కాన్ఫిగరేషన్లో నంబరు మార్చి ప్రొడక్షన్‌లోకి తోసెయ్యడం మనకి కొత్తా? 24 చేశా. రెండు వారాలు గాల్లో తేలాను. మూడో వారం హైవే ఎక్కుతుంటే టప్పుమంది, వెనక నీలం పొగ. కంప్రెషన్ చూస్తే మూడో సిలిండర్లో సగం కూడా లేదు.

ఆ రాత్రే ఎక్సెల్ షీటు తయారైంది. ఫోర్జ్‌డ్ పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, పెద్ద టర్బో, పెద్ద ఇంజెక్టర్లు, లక్ష్యం 450 హార్స్‌పవర్. ఎలాగూ ఇంజను దించుతున్నాం కదా, పనిలో పని! డబ్బంటారా, కాన్పు ఖర్చులకని పక్కన పెట్టింది ఉంది. ఆ మాట షీటులో రాయలేదు లెండి.

నాన్న ముప్పై ఏళ్ళు ఆటోనగర్లో లారీ ఇంజన్లు కట్టిన మనిషి. లిస్టంతా విని, "బానే ఉంది గానీ, అసలెందుకు పగిలిందిరా?" అన్నాడు.

"పిస్టన్ వీకు నాన్నా. కాస్టింగ్‌ది. ఫోర్జ్‌డ్ అయితే..."

"పగిలిందేదో నాకూ తెలుసు. ఎందుకు పగిలిందంటున్నా."

ఆఫీసులో సర్వర్ పడిపోయినప్పుడల్లా మీటింగుల్లో నేను అందర్నీ పీక్కుతినే ప్రశ్న అది.

హెడ్డు విప్పాం. పిస్టన్ మీద రెండు రింగుల మధ్య గట్టు ముక్కయి ఊడింది. అంచంతా ఇసకతో కొట్టినట్టు గుంటలు. ప్లగ్గు పింగాణీ మీద చిన్న చిన్న అల్యూమినియం చుక్కలు. అంటే నాకింగ్, మంట తన దగ్గరికి రాకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలడం. పాత లాగులు తెరిచా. 6000 ఆర్పీఎం దాటాక నాక్ అంకెలు రెండు వారాల నుంచీ అరుస్తూనే ఉన్నాయి. లాగు తీశాను గానీ చదవలేదు! బూస్టు పెరిగితే పెట్రోలు ప్రెజరూ పెరగాలి, ప్రెజర్ పెరిగేకొద్దీ పంపు ఇచ్చే పెట్రోలు తగ్గుతుంది. పదమూడేళ్ళ నాటి పంపు అక్కడ చేతులెత్తేసింది. ఆ పంపు నా లిస్టులో లేనే లేదు.

"మా డీజిల్ బండికి ఆయిల్ తగ్గితే లాగదు, అంతే. మీదాంట్లో తగ్గితే పగుల్తుందన్నమాట. మాకన్నా మీకే కష్టం" అన్నాడు నాన్న.

అక్కడితో పెద్ద టర్బో లిస్టులోంచి ఎగిరిపోయింది. పంపు, గాలీ పెట్రోలు పాళ్ళు చూపించే వైడ్‌బ్యాండ్ మీటరు మొదటి వరసకొచ్చాయి. బోరు 85 నుంచి 85.5 మిల్లీమీటర్లకి కొట్టించాం. సైజు పెరిగింది మహా అయితే 24 సీసీ. రింగుల గ్యాపు బిగుతుగా పెడదామన్నాను. వేడికి సాగి కొసలు తగులుకుంటే మళ్ళీ అదే గట్టు పగుల్తుందని నాన్న ఒక్కో రింగునీ ఆకురాయితో రుద్ది, బోరులో పెట్టి, గేజీతో చూసి, మళ్ళీ రుద్దాడు. డల్లాస్ ఎండలో, గరాజ్‌లో, రెండు రోజులు.

ఇంజను కట్టాక నేరుగా డైనో మీదకి తీసుకెళ్దామన్నా. "కొత్తగా కట్టిన లారీకి ఎవడైనా లోడేస్తాడా?" అన్నాడు. మొదటి 500 మైళ్ళు బూస్టు లేకుండా హాస్పిటల్‌కీ ఇండియన్ స్టోర్‌కీ తిరిగాయి. పక్క సీట్లో నాన్న, చెవొగ్గి. పొద్దున్నే చల్లటి ఇంజను టకటకమంటే కంగారుపడ్డాడు. ఫోర్జ్‌డ్ పిస్టన్ వేడికి ఎక్కువ సాగుతుంది కాబట్టి సందు ఎక్కువ వదుల్తారని చెప్పా. వేడెక్కి శబ్దం ఆగేదాకా విని, తలూపాడు.

సెప్టెంబర్‌లో డైనో. బూస్టు 22. చక్రాల దగ్గర 310 అని స్క్రీన్ మీద పడగానే నేను గెంతాను. నాన్న ఆ అంకె వంక చూడనేలేదు.

"పెట్రోలు చాలిందా?"

వైడ్‌బ్యాండ్ గీత చూపించా. చివరిదాకా 11.3 దగ్గర, గీసినట్టు తిన్నగా.

"ఇహ ఇంటికి పద, పాప లేచుంటుంది" అన్నాడు.

450 కల ఇంకా ఆ షీటులోనే ఉంది. కాకపోతే పైన ఒక కాలమ్ చేరింది: 'ఎందుకు పగిలింది?' అది నింపకుండా ఇప్పుడు ఏ పార్టూ ఆర్డర్ చెయ్యడం లేదు. ఆఫీసులో కూడా.