చెరో మూడేళ్లు

డంకెల్ పేరు మీలో ఎంతమందికి గుర్తుందో గానీ, తొంభైల తొలినాళ్లలో మన రైతు సంఘాల సభల్లో ఆ పేరెత్తకుండా ఉపన్యాసం సాగేది కాదు. విత్తనాల మీద పేటెంట్లు, సబ్సిడీల కోతలు, విదేశీ సరుకు, ఇలా జనానికి ఉన్న భయాలన్నిటికీ కలిపి ఒకటే పేరు, డంకెల్ ప్రతిపాదనలు. ఆర్థర్ డంకెల్ స్విట్జర్లాండ్ మనిషి. జెనీవాలోని అంతర్జాతీయ వాణిజ్య వేదిక గ్యాట్‌కు అధిపతి. ఆయన 1991 డిసెంబరులో బయటపెట్టిన ముసాయిదాయే పునాదిగా 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టింది. ఆ సంస్థ అధిపతి కుర్చీ కోసం బ్యాంకాక్ నుంచి బయల్దేరిన ఓ థాయ్ రాజకీయ నాయకుడి కథ ఇవాళ చెప్పుకుందాం. మన పత్తి చేలకూ మన మందుల కంపెనీలకూ ఆ కుర్చీతో సంబంధం ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి.

గ్యాట్ మొదలైన దగ్గర్నుంచి 1999 దాకా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లంతా యూరప్ వాళ్లే. ఒక ఇంగ్లిష్ దొర, ఇద్దరు స్విస్ వాళ్లు, ఒక ఐరిష్ ఆయన, చివర్లో ఇటలీ నుంచి రెనాటో రుజేరో. ప్రపంచ బ్యాంకు అధ్యక్ష పదవి అమెరికా వాళ్లకీ, ఐఎంఎఫ్ పెత్తనం యూరప్ వాళ్లకీ అని ఎక్కడా రాయని ఒప్పందం ఒకటి ఉండనే ఉంది. ఇక ఆసియా వాళ్లకీ ఆఫ్రికా వాళ్లకీ మిగిలేదేమిటి? రుజేరో పదవీకాలం 1999 ఏప్రిల్‌తో ముగుస్తుందనగా ఈ ప్రశ్న గట్టిగా వినబడింది. అప్పుడు ముందుకొచ్చినవాడు సుపాచై పానిచ్‌పక్డీ.

సుపాచై 1946లో పుట్టాడు. హాలండ్‌లోని రాటర్‌డామ్‌లో అర్థశాస్త్రం చదివాడు. డాక్టరేట్‌కు ఆయన గురువు యాన్ టిన్‌బెర్గెన్. అర్థశాస్త్రంలో నోబెల్ మొదలైన 1969లోనే దాన్ని అందుకున్న ఇద్దరిలో ఆయనొకడు. శిష్యుడు స్వదేశానికొచ్చి బ్యాంక్ ఆఫ్ థాయ్‌లాండ్‌లో చేరి పన్నెండేళ్లు పనిచేశాడు. 1986లో ఎన్నికల్లో నిలబడి గెలిచి ఆర్థిక శాఖ ఉపమంత్రి అయ్యాడు. ప్రభుత్వం మారాక థాయ్ మిలిటరీ బ్యాంకు నడిపాడు. 1992లో చువాన్ లీక్‌పాయ్ మంత్రివర్గంలో ఉపప్రధానిగా తిరిగొచ్చాడు. ప్రపంచ వాణిజ్య సంస్థకు పునాది వేసిన ఉరుగ్వే రౌండు చర్చలు ముగిసి 1994లో మరకేష్‌లో సంతకాలు జరిగే నాటికి థాయ్‌లాండ్ వాణిజ్య వ్యవహారాలు ఆయన చేతుల్లోనే ఉన్నాయి.

తర్వాతొచ్చింది 1997. ఆ ఏడాది జులై 2న థాయ్ కరెన్సీ బాత్ కుప్పకూలింది. డాలరుకు పాతిక బాత్‌లుండేది, ఆర్నెల్లు తిరిగేసరికి యాభై దాటింది. ఆ మంట ఇండొనేషియాకు, కొరియాకు పాకింది. ప్రభుత్వం పడిపోయింది, నవంబరులో చువాన్ మళ్లీ ప్రధాని అయ్యాడు, సుపాచై మళ్లీ ఉపప్రధాని, ఈసారి వాణిజ్య మంత్రి కూడా. ఐఎంఎఫ్ షరతుల కింద నలిగిపోతున్న దేశానికి మంత్రిగా ఉంటూనే ఆయన జెనీవా పదవికి పోటీ పడ్డాడు. ఇక్కడ నాకు ఆయన మీద గౌరవం కలుగుతుంది. విదేశీ పెట్టుబడి వచ్చేటప్పుడు ఎంత తియ్యగా ఉంటుందో, పోయేటప్పుడు ఏం చేసిపోతుందో కళ్లారా చూసినవాడు ఆ కుర్చీలో అంతకు ముందెన్నడూ కూర్చోలేదు.

పోటీలో మొదట నలుగురు. మొరాకో నుంచి హసన్ అబూయూబ్, కెనడా నుంచి రాయ్ మెక్‌లారెన్, న్యూజిలాండ్ నుంచి మైక్ మూర్, మన సుపాచై. చివరికి ఇద్దరు మిగిలారు. మైక్ మూర్ కూడా తక్కువవాడేం కాదు. పద్నాలుగేళ్లకే బడి మానేసి కూలి పనులు చేసి, లేబర్ పార్టీలో పైకొచ్చి, 1990లో కొద్ది వారాలపాటు ప్రధాని కూడా అయినవాడు. ఆయన వెనక అమెరికా నిలబడింది. సుపాచై వెనక ఆసియాన్ దేశాలు, జపాన్, భారత్ నిలబడ్డాయి. యూరప్ రెండుగా చీలింది.

సంస్థలో అప్పటికి 134 సభ్యదేశాలు. అక్కడ చేతులెత్తి ఓట్లు వేయడం ఆనవాయితీ కాదు, ఏకాభిప్రాయం రావాలి. జనరల్ కౌన్సిల్ అధ్యక్షుడు, టాంజానియా రాయబారి అలీ మ్చుమో ఒక్కొక్క దేశాన్నీ విడిగా అడిగి లెక్క తేల్చాడు. కొద్దిపాటి తేడాతో మూర్‌కు ఎక్కువ మంది ఉన్నారంటూ ఆయన పేరు ప్రతిపాదించాడు. సుపాచై వర్గం భగ్గుమంది. ఇంత తక్కువ తేడాను ఏకాభిప్రాయం అని ఎలా అంటారు, కావాలంటే ఓటింగ్ పెట్టండి అన్నారు. ఓటింగ్ ఆచారం మొదలుపెడితే రేపు ప్రతి నిర్ణయానికీ ఓటే అంటారని అవతలివాళ్లు అడ్డం తిరిగారు. ఏప్రిల్ ముగిసింది, రుజేరో సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. మే నుంచి ఆగస్టు దాకా నాలుగు నెలలు ప్రపంచ వాణిజ్య సంస్థకు అధిపతే లేడు. ఉప అధిపతులు బండి లాగారు.

చివరికి జులైలో కుదిరిన రాజీ మనకు బాగా తెలిసినదే. మన ఊళ్లలో మున్సిపల్ చైర్మన్ పదవిని చెరో రెండున్నరేళ్లు పంచుకుంటారు చూడండి, అచ్చం అలాగే చెరో మూడేళ్లు. 1999 సెప్టెంబరు 1 నుంచి మూర్, 2002 సెప్టెంబరు 1 నుంచి సుపాచై. ఇద్దరికీ పొడిగింపు లేదు.

సుపాచై దీనికి ఒప్పుకోకుండా ఉండాల్సిందని వాదించేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. ఒప్పుకోకపోతే చిన్న దేశాల మనిషికి మళ్లీ అవకాశం ఎప్పుడొచ్చేదో ఎవరు చెప్పగలరు? అయితే ఆ పంపకం ఇద్దరికీ అన్యాయం చేసిందన్నది మాత్రం నిజం. మూర్ కుర్చీలో కూర్చున్న మూడు నెలలకే సియాటిల్‌లో జరిగిన సంస్థ మంత్రుల మహాసభ వీధుల్లో నిరసనల మధ్య, లోపల మంత్రుల తగాదాల మధ్య విఫలమైంది. సుపాచై వచ్చేసరికి కొత్త వాణిజ్య చర్చల విడత, దోహా రౌండు, అప్పటికే మొదలై ఉంది, దాని గడువు 2005 జనవరి 1. ఆ గడువు పెట్టింది ఆయన కాదు, దాన్ని మార్చే అధికారమూ ఆయనకు లేదు. ఆయన హయాంలో మంత్రుల మహాసభ జరిగింది ఒక్కటే. అది 2003 సెప్టెంబరులో, మెక్సికోలోని కాంకూన్‌లో.

కాంకూన్ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే అక్కడ పత్తి మాట వచ్చింది. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి, ఈ నాలుగు పేద దేశాలూ కలిసి ఒక అర్జీ పెట్టుకున్నాయి. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చే సబ్సిడీల వల్ల ప్రపంచ ధర పడిపోతోంది, మా రైతు చేలో నిలబడి మునిగిపోతున్నాడు, ఆ సబ్సిడీలు ఎత్తేయండి, అప్పటిదాకా మాకు పరిహారం ఇవ్వండి అని. బుర్కినా ఫాసో అధ్యక్షుడు జూన్‌లోనే స్వయంగా జెనీవా వచ్చి ఈ మాట చెప్పిపోయాడు. సభ మొదటిరోజే సుపాచై లేచి దీన్ని గట్టిగా పట్టించుకోవాలని మంత్రుల్ని కోరాడు. ఆ చర్చలు నడిపే బాధ్యత కూడా ఆయనకే అప్పజెప్పారు. సంస్థ అధిపతి ఏ దేశం పక్షమూ వహించకూడదు. అలాంటి పదవిలో ఉండి అంతమాట అనడం చిన్న విషయం కాదు.

మూడు రోజులు గడిచాక ముసాయిదా వచ్చింది. పత్తి గురించి అందులో ఏముందో తెలుసా? సబ్సిడీలు తీసేసే తేదీ లేదు, పరిహారం లేదు. ఆ నాలుగు దేశాలూ పత్తి ఒక్కదాని మీదే ఆధారపడకుండా వేరే దారులు చూసుకునేందుకు సాయం చేద్దామన్న ధోరణిలో రాశారు. 1997-98లో వరంగల్ పత్తి రైతులు ఎలా ప్రాణాలు తీసుకున్నారో చూసినవాళ్లకు ఈ సలహా ఎంత కఠినమైనదో విడమరిచి చెప్పక్కర్లేదు. పత్తినే నమ్ముకుని, అప్పు చేసి విత్తనం వేసిన మనిషికి పంట మార్చుకో అని చెప్పడమది. సభ మొదలైన రోజే, సెప్టెంబరు 10న, కొరియా రైతు నాయకుడు లీ క్యుంగ్ హే ఆ సభాప్రాంగణం బయట ప్రాణం తీసుకున్నాడు. ఆ దుఃఖం ఇంకా ఆరకముందే ఇలాంటి కాగితం వచ్చింది.

భారత్, బ్రెజిల్, చైనా, దక్షిణాఫ్రికా తదితర దేశాలు అప్పటికే ఇరవై దేశాల కూటమి కట్టాయి. థాయ్‌లాండ్ కూడా అందులో ఉంది. మన వాణిజ్య మంత్రి అరుణ్ జైట్లీ, బ్రెజిల్ విదేశాంగ మంత్రి సెల్సో అమోరిం దానికి ముందు వరసలో నిలబడ్డారు. సెప్టెంబరు 14న ఓ ముప్ఫై మంది మంత్రులు గదిలో కూర్చుని ఆఖరి ప్రయత్నం చేశారు. సభాధ్యక్షుడైన మెక్సికో మంత్రి డెర్బెజ్ ముందు వ్యవసాయం ఎత్తుకోకుండా పెట్టుబడులు, పోటీ నిబంధనల వంటి నాలుగు కొత్త అంశాలు ఎత్తుకున్నాడు. ఆఫ్రికా దేశాలు వాటి మీద చర్చే వద్దన్నాయి, కొరియా అన్నీ కావాలంది. డెర్బెజ్ సభ ముగించేశాడు. వ్యవసాయం దాకా చర్చ రానేలేదు, పత్తికి న్యాయం జరగలేదు.

ఇందులో సుపాచై తప్పెంత? నా లెక్కలో చాలా తక్కువ. ఆ కుర్చీకి అధికారం లేదు, మర్యాద మాత్రమే ఉంది. దేశాల్ని బతిమాలగలడు, గదిలో కూర్చోబెట్టగలడు, కాగితం రాయించగలడు. సంతకం పెట్టించలేడు. అయినా ఆయన చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2004 ఆగస్టు 1న జెనీవాలో చర్చలు మళ్లీ పట్టాలెక్కాయి. నాలుగు కొత్త అంశాల్లో మూడింటిని దోహా రౌండులోంచి తీసేశారు, వ్యవసాయ ఎగుమతి సబ్సిడీలకు ముగింపు పలకాలని సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. కాంకూన్‌కు పదకొండు రోజుల ముందు, 2003 ఆగస్టు 30న, మందుల తయారీ సామర్థ్యం లేని పేద దేశాలు పేటెంట్ ఉన్న మందుల్ని బయటి నుంచి చవగ్గా తెచ్చుకునే వీలు కల్పిస్తూ నిర్ణయం చేశారు. 2005 నుంచి మన దేశంలోనూ మందుల మీద ఉత్పత్తి పేటెంట్లు అమల్లోకి రావాల్సి ఉంది. అప్పటికే ఎయిడ్స్ మందులు చవగ్గా చేస్తున్న హైదరాబాద్ లాంటి చోట్ల తయారీ ఏమవుతుందోనని ఆఫ్రికా భయపడుతున్న రోజులవి. కాగితం మీద కష్టమైన నిబంధనలున్నా, ఆ నిర్ణయం విలువైనది.

ఇంకో మంచి పని కూడా ఆయన హయాంలోనే జరిగింది. ఆయన ఎంపికలో జరిగిన రచ్చ మళ్లీ జరగకూడదని సభ్యదేశాలు 2002 డిసెంబరులో నిబంధనలు రాసుకున్నాయి. పదవీకాలం నాలుగేళ్లు, పదవి ఖాళీ కావడానికి తొమ్మిది నెలల ముందే ఎంపిక మొదలు, తప్పనిసరైతే ఆఖరి మార్గంగా ఓటింగ్. 2005లో మూడేళ్లూ నిండగానే ఆయన పదవి దిగి, అదే జెనీవాలో ఐరాస వాణిజ్యాభివృద్ధి సంస్థ అంక్టాడ్‌కు సెక్రటరీ జనరల్ అయ్యాడు. అక్కడ ఎనిమిదేళ్లున్నాడు. 2012లో దోహాలో జరిగిన అంక్టాడ్ సభలో, ఆ సంస్థ వాణిజ్యం మాట్లాడితే చాలు, ప్రపంచ ఆర్థిక వ్యవస్థ జోలికి రావద్దని ధనిక దేశాలు ఒత్తిడి తెచ్చాయి. వర్ధమాన దేశాలు పట్టు వదల్లేదు, సంస్థ తన పని నిలబెట్టుకుంది. బాత్ కూలిన రోజులు చూసిన మనిషి ఆ సంస్థకు అధిపతిగా ఉండటం ఆ సమయానికి ఎంతో అవసరం అనిపిస్తుంది నాకు.

అందరికీ ఇంత అదృష్టం పట్టలేదు. ఇంకో థాయ్ నాయకుడు సురకియార్త్ సతియారథాయ్ 2006లో ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ పదవికి పోటీ చేశాడు. మన శశి థరూర్ కూడా అదే పోటీలో ఉన్నాడు. సెప్టెంబరు 19న బ్యాంకాక్‌లో సైన్యం తిరుగుబాటు చేసి, ఐరాస సభ కోసం న్యూయార్క్‌లో ఉన్న ప్రధాని తక్సిన్‌ను దించేసింది. ఇల్లే చెదిరిపోయాక బయట ఎవరు నమ్ముతారు? ఆ పదవి కొరియాకు చెందిన బాన్ కీ మూన్‌కు దక్కింది. 2013లో ఇండొనేషియా మంత్రి మరి పంగెస్తు ప్రపంచ వాణిజ్య సంస్థకు పోటీ పడి చివరి ఇద్దరిలోకి రాలేకపోయింది. సుపాచై తర్వాత ఆగ్నేయాసియా నుంచి ఎవరూ ఆ కుర్చీ ఎక్కలేదు.

ఇప్పుడా కుర్చీలో నైజీరియాకు చెందిన ఎన్‌గోజీ ఒకొంజో ఇవేలా ఉన్నారు. రెండో పదవీకాలం 2029 ఆగస్టు దాకా. అంతకు తొమ్మిది నెలల ముందే తర్వాతి ఎంపిక మొదలవుతుంది. పేపర్లో ఆ వార్త లోపలి పేజీలో ఓ మూల చిన్నదిగా పడుతుంది. దయచేసి దాటేయకండి. పోటీలో ఎవరున్నారో, మన ప్రభుత్వం ఎవరి వెనక నిలబడిందో, ఆ మనిషి పత్తి గురించి ఏమన్నాడో చూడండి. తెలియకపోతే మీ ఎంపీని అడగండి.