రేపటి కూలి మీదే బెంగ

హైదరాబాద్ పడమటి దిక్కున భవనాలు కడుతున్న కూలీలు పైనుంచి పడతామని భయపడతారు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే దుమ్మును మాత్రం బెల్లం ముక్కకు వదిలేస్తారు.

పొద్దున ఏడింటికల్లా కూకట్‌పల్లి అడ్డా నిండిపోతుంది. తాపీలు, పారలు, రంగు బ్రష్షులు పట్టుకుని నిలబడ్డవారిలో పాలమూరు నుంచి, శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లు చాలామంది. బైకు మీద ఎవరైనా వచ్చి ఆగితే చాలు, పదిమంది చుట్టుముడతారు. కూలి ఎంత, పని ఎక్కడ, ఎన్ని అంతస్తులు మోయాలి? బేరమంతా ఈ మూడింటి మీదే. హెల్మెట్ ఇస్తారా అన్న ప్రశ్న సాధారణంగా రాదు. అలా అడిగినవాణ్ని వదిలేసి పక్కవాణ్ని తీసుకుపోతారని అందరికీ తెలుసు.

అక్కడి నుంచి గచ్చిబౌలి మీదుగా కోకాపేట చేరితే దృశ్యం మారిపోతుంది. 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్ల రూపాయలు దాటిన నేల ఇది. టవర్ క్రేన్ల కింద బీహార్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ కూలీలు కనిపిస్తారు. పెద్ద సైట్లలో హెల్మెట్, బూట్లు, నడుముకు బెల్టు లేనిదే లోపలికి రానివ్వరు. సందుల్లో లేచే నాలుగంతస్తుల ఇళ్ల దగ్గర ఆ పట్టింపు లేదు. అక్కడ పరంజా అంటే కర్రలు, తాళ్లే. కాళ్లకు హవాయి చెప్పులు.

ప్రమాదాన్ని కూలీలు కొలిచే తీరు వేరు. పైనుంచి పడితే ఇల్లు గడవదు, అందుకే ఆ భయం నిజమైనది. మర్నాటి పనిని ఆపని దగ్గు, నడుము నొప్పి, చేతుల పగుళ్లు మాత్రం వృత్తిలో భాగం. వాటికి వైద్యమూ చేతికందినదే: చేతులకు కొబ్బరి నూనె, దుమ్ముకు బెల్లం, ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపు మాత్ర లేదా ఆర్‌ఎంపీ ఇంజక్షన్, సాయంత్రం కాస్త మందు. ఎండకు తలపై తడి తువ్వాలు.

వీటిలో తడి తువ్వాలు నిజంగానే మేలు చేస్తుంది. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో 2,000 మందికి పైగా చనిపోయారు. నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగితే మూత్రపిండాలకు ముప్పు. తడి సిమెంటు గాఢమైన క్షారం. అందులోని క్రోమియం ఒకసారి చర్మానికి పడకపోతే ఆ ఎలర్జీ ఇక వదలదు. రబ్బరు తొడుగులు వేసుకుంటే తాపీ పట్టు దొరకదన్నది మేస్త్రీల ఇబ్బంది.

అన్నిటికన్నా మోసకారి దుమ్మే. టైల్స్, గ్రానైట్ కోస్తున్నప్పుడు లేచే సిలికా రేణువుల్లో హాని చేసేవి కంటికి కనిపించనంత సన్నవి. ముఖానికి కట్టిన రుమాలు వాటిని ఆపదు. బెల్లం గొంతుకు హాయినిస్తుందేమో గానీ ఊపిరితిత్తుల లోతుకు చేరిన దుమ్మును బయటికి తేలేదు. సిలికోసిస్ నయం కాదు. క్షయ అని పొరబడటమూ మామూలే. ఆయాసం మొదలయ్యే నాటికి కూలీ సొంతూరికి చేరిపోయి ఉంటాడు. ఏ భవనం దుమ్ము ఎంత పీల్చాడో చెప్పే కాగితం ఎక్కడా ఉండదు.

కాగితం లేకపోతే చట్టమూ దూరమే. 1996 చట్టాల కింద నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు వసూలు చేసి కూలీల సంక్షేమానికి ఖర్చుచేయాల్సి ఉండేది. 37,400 కోట్ల రూపాయలకు పైగా వసూలైతే సుమారు 9,500 కోట్లే ఖర్చయ్యాయని 2018లో సుప్రీంకోర్టు ఆక్షేపించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల్లోనూ పాత షరతు ఉంది: నమోదు కావాలంటే ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. రోజుకో యజమాని దగ్గర పనిచేసే అడ్డా కూలీ దాన్ని ఎలా రుజువు చేయాలి? రాజస్థాన్ 2019లో సిలికోసిస్ బాధితుల గుర్తింపునకు, సాయానికి ప్రత్యేక విధానమే తెచ్చింది.

నివారణ మాత్రం కష్టమేమీ కాదు. కోత మిషన్ బ్లేడు మీద నీళ్లు పడుతుంటే దుమ్ము చాలావరకు అణిగిపోతుంది. అందుకు కావలసింది ఒక పైపు, దాన్ని పట్టుకునే ఒక మనిషి. ఆ మనిషి కూలి ఎవరివ్వాలన్నదే తేలడం లేదు.