జాకీచాన్‌కి ఇంగ్లీషు రాదని ఎవరన్నారు?

ఒకే బొమ్మని ఇద్దరు చూస్తే ఇద్దరూ ఒకే చోట నవ్వాలని రూలేం లేదు. ఆ మాటకొస్తే ఒకే మనిషి రెండుసార్లు చూసినా అంతే. నా సంగతే తీసుకోండి.

'రష్ అవర్' అమెరికాలో 1998 సెప్టెంబరు 18న విడుదలయింది. హాంకాంగ్ ఇన్‌స్పెక్టర్ లీగా జాకీచాన్, లాస్ ఏంజెల్స్ డిటెక్టివ్ కార్టర్‌గా క్రిస్ టకర్. చైనా కాన్సల్ గారి కూతుర్ని దుండగులు ఎత్తుకుపోతారు. పరాయి దేశపు పోలీసు తమ కేసులో వేలు పెట్టడం ఇష్టంలేని ఎఫ్.బి.ఐ. వాళ్ళు, లీని ఊరంతా తిప్పి కాలక్షేపం చేయించే పని కార్టర్ నెత్తిన పడేస్తారు. ఇదీ కథ. మొదటి మూడు రోజుల్లోనే సుమారు 3 కోట్ల 30 లక్షల డాలర్లు వసూలు చేసి, ప్రపంచం మొత్తం మీద 24 కోట్లు దాటించింది. దర్శకుడు బ్రెట్ రాట్నర్.

నేను చూసింది మాత్రం 2002 వేసవిలో, తెనాలిలో, పక్కింటి బాబాయిగారి హాల్లో. వి.సి.డి. అద్దె 10 రూపాయలు. చాప మీద పిల్లలం, కుర్చీల్లో పెద్దలు, గుమ్మం దగ్గర మామ్మగారు. మా ఎవరికీ ఇంగ్లీషు డైలాగు ఒక్క ముక్క అంటలేదు. అమెరికాలో టకర్ వాగుడికి హాళ్ళు ఘొల్లుమన్నాయిట. మా దగ్గర అతను నోరు తెరిస్తే నిశ్శబ్దం! "వాడికి గొంతు ఎండిపోదుట్రా?" అన్నారు మామ్మగారు. అంతే, అతని మాటలకి మేం నవ్విన నవ్వు అదొక్కటే. కానీ క్లైమాక్సులో జాకీచాన్ ఓ పక్క రౌడీలతో తన్నులాడుతూ, మరో పక్క ఆ పాతకాలపు చైనా కూజాలు కింద పడకుండా పట్టుకునే ఘట్టం వచ్చిందా... మామ్మగారు లేచి నిలబడిపోయారు. "అయ్యయ్యో, పట్టుకో నాయనా!"

విమానాశ్రయం సీనుకి కూడా బాగా నవ్వాం. లీకి ఇంగ్లీషు రాదనుకుని కార్టర్ చెవిటివాడితో మాట్లాడినట్టు ఒక్కో మాటా సాగదీసి, గొంతు చించుకుని అడుగుతాడు. ఆ అరుపులకి భాషతో పనేముంది? చాప మీద దొర్లి దొర్లి నవ్వాను.

తరవాత బి.ఏ. అయ్యింది. 2009లో హైదరాబాదు వచ్చి ఓ ఆఫీసులో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళాను. తెలుగు మీడియం వాణ్ణి. ప్రశ్న అర్థమైంది, జవాబూ తెలుసు. మాటలు కూర్చుకోవడానికి ఓ క్షణం ఆలస్యమైంది, అంతే. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి అదే ప్రశ్నని ఒక్కో మాటా విడగొట్టి, గట్టిగా మళ్ళీ అడిగాడు. పక్కాయన ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఉద్యోగం రాలేదని వేరే చెప్పాలా?

ఆ నెలలోనే అమీర్‌పేట రూములో ఓ రాత్రి ల్యాప్‌టాప్‌లో ఇదే సినిమా. అదే విమానాశ్రయం. నలుగురు మిత్రులూ పడీ పడీ నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు. "ఏరా, నిద్రొస్తోందా?" అన్నాడొకడు. కాదురా అన్నాను గానీ, ఏం చెప్పను?

అప్పుడే నాకు అసలు సంగతి బోధపడింది. లీకి ఇంగ్లీషు వచ్చు! రాదని అతనెక్కడా చెప్పలేదు, కార్టరే అలా అనుకున్నాడు. కావాలనే నోరు మూసుకుని అవతలివాణ్ణి వాగనిస్తాడు. ఆ నిజం బయటపడే చోట నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టాను. ఏడేళ్ళ కిందట తెనాలిలో ఈ సీను ఎలా జారిపోయిందో తెలీదు.

ఇంకో విశేషం. ఇంగ్లీషులో మాట్లాడడం తనకి ఇబ్బందేననీ, ఈ చిత్రం తనకి పెద్దగా నచ్చలేదనీ జాకీచానే తరవాత చెప్పుకున్నాడు. జనం నవ్వుతుంటే ఆయన మాత్రం అక్కడ నవ్వలేదన్నమాట!

జాకీచాన్ సినిమాల చివర పేర్లు పడేటప్పుడు షూటింగులో దొర్లిన పొరపాట్లు వేస్తారు కదా, తెలుసుగా. ఇందులోనూ ఉన్నాయి. నాలుగు చైనా మాటలు పలకలేక టకర్ నానా తంటాలు పడుతుంటాడు. తన ఇంగ్లీషుని వెక్కిరించినవాడు చైనా భాషలో మూడు మాటలు పలకలేకపోతున్నాడని జాకీచాన్ ఆటపట్టిస్తాడు. మిత్రులు అప్పటికే లేచి పక్కలు పరుచుకుంటున్నారు. "ఒక్క నిమిషం ఆగండ్రా" అని ఆ ముక్కని వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాను.