నల్ల టేపులో నిలిచిన గొంతు

2007 సెప్టెంబరులో ఒక ఆదివారం ఉదయం, తెనాలిలోని ఒక పాత డాబా ఇంట్లో అరవై రెండేళ్ల పెద్దమనిషి ఒకరు ఇనుప బీరువా అడుగు అరలో నుంచి ఒక వీడియో క్యాసెట్టును రెండు చేతులతో జాగ్రత్తగా బయటికి తీశారు. అట్టమీద నీలిసిరాతో వ్రాసిన అక్షరాలు సగం వెలిసిపోయాయి. 'చెల్లాయి పెళ్లి, మే 1986' అన్న మాటలు మాత్రం ఇంకా చదవ వీలుగానే ఉన్నాయి.

ఆ క్యాసెట్టు నిడివి మూడు గంటలు. కాని ఆయనకు కావలసినవి అందులో నాలుగు నిమిషాలు. రెండు గంటల నలభై నిమిషాలు గడిచిన తరువాత, వధూవరులను పీటలమీద కూర్చోబెట్టి ఆయన తల్లి మంగళహారతి పాడుతుంది. పాట మధ్యలో ఆమెకు దగ్గు వస్తుంది. ఒక్క క్షణం ఆగి, నవ్వి, మళ్లీ అందుకుంటుంది. ఆమె 1989లో కాలం చేసింది. ఆమె గొంతు ఈ లోకంలో మరెక్కడా లేదు.

న్యూజెర్సీలో స్థిరపడిన చెల్లెలు ముందు రోజు రాత్రి ఫోను చేసింది. "అన్నయ్యా, డిసెంబరులో అమ్మాయి పెళ్లి. హారతి వేళకు అమ్మ పాట వినిపించాలని ఉంది. ఆ టేపు ఇంకా ఉందా?" ఉందని చెప్పారాయన. ఉన్న టేపు పలుకుతుందో లేదో మాత్రం ఆయనకే తెలియదు.

బజారులో టేపులను డిస్కులుగా మార్చి ఇచ్చే దుకాణం ఒకటి ఉంది. ఆయన అక్కడికి వెళ్లి చూశారు. పేర్లయినా వ్రాయని క్యాసెట్లు బల్లమీద గుట్టగా పడి ఉన్నాయి. ముప్ఫై ఆరేళ్లు తపాలా శాఖలో పనిచేసి, సబ్ పోస్టుమాస్టరుగా పదవీ విరమణ చేసిన మనిషికి చిరునామా లేని గుట్టలు చూస్తే మనసొప్పదు. క్యాసెట్టును చంకలో పెట్టుకొని ఇంటికి తిరిగి వచ్చారు. ఈ పని తన ఇంట్లోనే, తన కళ్లముందే జరగాలని నిశ్చయించుకొన్నారు.

ఆయనకు సహాయంగా వచ్చినవాడు పక్కింటి కుర్రవాడు. ఇంజనీరింగు మూడవ సంవత్సరం విద్యార్థి. "మూడు గంటల టేపు, మూడు గంటల పని మాస్టారూ!" అన్నాడతడు ఉత్సాహంగా. అది ఏడు వారాల పని అయింది.

మొదటి అడ్డంకి కంటికి కనబడేదే. క్యాసెట్టు మూత ఎత్తి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లని బూజు. వీడియో టేపు అన్నది అయస్కాంతపు పొడి పూసిన సన్నని ప్లాస్టిక్ పట్టీ. కృష్ణా డెల్టా తేమలో ఇరవై ఏళ్లు కదలకుండా ఉంటే దానికి బూజు పట్టడంలో వింత లేదు. ఆ స్థితిలో వీసీఆర్‌లో వేస్తే బూజు హెడ్డుకు అంటుకొంటుంది. టేపు తెగిపోనూ వచ్చు. పాత టీవీలు బాగుచేసే మెకానిక్కు ఒకరు ఆ చుట్టలను మెత్తని పొడి కుంచెతో శుభ్రం చేసి, వేరొక మంచి క్యాసెట్టు డొక్కులోకి మార్చి ఇచ్చారు. అరువు తెచ్చిన వీసీఆర్‌లో మొదట ఒక పాత సినిమా క్యాసెట్టును వేసి, అది టేపును నమలడం లేదని రూఢి చేసుకొన్న తరువాతనే పెళ్లి టేపును లోపలికి పంపారు. తెరమీద మంచు కురిసింది. మంచు వెనుక నుంచి సన్నాయి వినబడింది.

టేపులోని దృశ్యం ఒక అవిచ్ఛిన్నమైన విద్యుత్ తరంగం. కంప్యూటరుకు అంకెలు తప్ప మరొక భాష తెలియదు. కనుక రెంటికీ నడుమ ఒక మార్పిడి పెట్టె కావాలి. విద్యార్థి తన కళాశాల మిత్రుని వద్దనుంచి అటువంటిది ఒకటి తెచ్చాడు. అది తరంగాన్ని డీవీ అనే రూపంలోకి మార్చి కంప్యూటరుకు అందిస్తుంది. గంట దృశ్యానికి దాదాపు 13 గిగాబైట్ల చోటు పడుతుంది.

పని మొదలయింది, సరిగా ఇరవై నిమిషాలకు ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ ఇరవై నిమిషాలకే ఆగింది. "టేపు పాడయింది మాస్టారూ" అన్నాడు కుర్రవాడు నిరుత్సాహంగా.

ఆయన మాట్లాడకుండా ఒక నోటుపుస్తకం తెరిచారు. ఉత్తరం చేరలేదని ఫిర్యాదు వచ్చినప్పుడు తపాలా ఉద్యోగి ఎవరినీ ముందుగా నిందించడు. సంచి ఏ కార్యాలయంలో ఏ వేళకు చేరిందో, అక్కడినుంచి ఎప్పుడు బయలుదేరిందో వరుసగా పరిశీలిస్తాడు. ఎక్కడివరకు సవ్యంగా ఉన్నదో తెలిస్తే, తప్పిపోయిన చోటు దానంతట అదే బయటపడుతుంది. ఆయన ఈసారి టేపును మొదటినుంచి కాక, ఒక గంట ముందుకు జరిపి మొదలుపెట్టించారు. అప్పుడు కూడా ఇరవై నిమిషాలకే ఆగింది. అంటే దోషం టేపుది కాదు. ఆగిన మూడు ఫైళ్లనూ పోల్చి చూశారు. మూడింటి పరిమాణమూ ఒక్కటే: 4 గిగాబైట్లు.

విద్యార్థి నాలుక కరుచుకొన్నాడు. హార్డుడిస్కును ఎఫ్‌ఏటీ32 అనే పాత పద్ధతిలో సిద్ధం చేసి ఉన్నారు. ఆ పద్ధతిలో ఏ ఫైలూ 4 గిగాబైట్లను మించి పెరగదు. దానిని ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతికి మార్చగానే మూడు గంటల టేపూ ఏకధాటిగా కంప్యూటరులోకి వచ్చి చేరింది.

ఆ రాత్రి ఆయన ఒంటరిగా కూర్చొని హారతి ఘట్టం పెట్టి చూశారు. తల్లి పళ్లెం దించి పక్కన పెట్టింది. పెదవులు మూసుకొన్నాయి. పాట ఇంకా వినబడుతూనే ఉంది. ఆయనకు గుండె చివుక్కుమన్నది. గొంతు దొరికింది, ముఖం దొరికింది. రెండూ ఒకరివి కావన్నట్లు విడివిడిగా నడుస్తున్నాయి.

మరునాడు మళ్లీ నోటుపుస్తకం. పెళ్లి ప్రారంభంలో మాటకూ పెదవికీ తేడా లేదు. మధ్యలో ఒక సెకను తేడా. చివరికి వచ్చేసరికి రెండు సెకన్లు. తేడా మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంటే, ధ్వనిని ఆ మేరకు ముందుకు జరిపితే సరిపోతుంది. పోను పోను పెరుగుతున్నదంటే దారిలో ఏదో కారిపోతున్నదన్నమాట. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో సెకనుకు 25 చిత్రాలు ఉంటాయి. రెండు సెకన్లంటే 50 చిత్రాలు. రికార్డు చేసిన ప్రోగ్రాము అడుగున చిన్న అక్షరాలలో 'జారిన ఫ్రేములు' అనే అర్థం వచ్చే గడి ఒకటి ఉన్నది. అందులో అంకె సరిగ్గా ఆ దరిదాపుల్లోనే ఉంది. టేపు వస్తున్న వేళ కంప్యూటరు వైరస్ తనిఖీ వంటి వేరే పనులు కూడా పెట్టుకొన్నందున, అప్పుడప్పుడు ఒక్కొక్క చిత్రాన్ని జారవిడిచింది. ధ్వని మాత్రం పూర్తిగా చేరింది. బొమ్మ కురచయింది కనుక పాట వెనుకబడింది. మిగతా పనులన్నీ ఆపి తిరిగి రికార్డు చేసినప్పుడు ఆ గడిలో సున్నా నిలిచింది. తల్లి పెదవులూ పాటా మళ్లీ ఒక్కటయ్యాయి.

ఇక డిస్కు. డీవీడీ సామర్థ్యం 4.7 గిగాబైట్లు, అంటే 470 కోట్ల బైట్లు, 3,760 కోట్ల బిట్లు. మూడు గంటలకు 10,800 సెకన్లు. ఆయన కాగితం మీద భాగహారం చేశారు: సెకనుకు దాదాపు 35 లక్షల బిట్లు. దృశ్యాన్ని ఎంపెగ్-2 రూపంలోకి కుదించేటప్పుడు ఈ మోతాదు సరిపోలేదు. పాత టేపుమీది గరుకుదనాన్ని కూడా కంప్యూటరు నిజమైన దృశ్యంగానే భావించి, దానికోసం బిట్లను వృథా చేస్తుంది. ఫలితంగా పట్టుచీరల అంచులు చతురపు ముక్కలుగా విడిపోయాయి. పెళ్లిని రెండు డిస్కులకు పంచితే ఒక్కొక్క దానికి గంటన్నర. అప్పుడు సెకనుకు 65 లక్షల బిట్లు ధారాళంగా కేటాయించవచ్చు. ఒక డిస్కు ఆదా చేయబోయి తల్లి ముఖాన్ని ముక్కలు చేయడమెందుకని ఆయన రెండింటికే మొగ్గారు.

కంప్యూటరు తెరమీద చక్కగా ఉన్న బొమ్మ టీవీలో వణికింది. మనుషులు కదిలిన ప్రతిసారీ ఒక అడుగు ముందుకూ ఒక అడుగు వెనక్కూ వేస్తున్నట్లు కనబడింది. పాత టీవీ చిత్రం ఒక్కటిగా కాక రెండు సగాలుగా వస్తుంది: బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి. ఏ సగం ముందో తారుమారు చేస్తే కాలమే తారుమారవుతుంది. డీవీలో క్రింది సగం ముందు వస్తుంది. కుదించే ప్రోగ్రాములో పై సగం ముందని పెట్టి ఉంది. ఒక్క గుర్తు మార్చగానే వణుకు పోయింది. కాని ఆ ఒక్క గుర్తుకోసం ఒక రాత్రంతా కంప్యూటరు మళ్లీ పని చేయవలసి వచ్చింది.

డిస్కు రైట్ చేయడం కడపటి మజిలీ. మొదటి డిస్కును ప్లేయరు గుర్తించనే లేదు. ఫైలును ఉన్నదున్నట్లు డిస్కుమీదికి ఎక్కించడం ఒక ఎత్తు. ప్లేయరు వెదికే ప్రత్యేకమైన ఫోల్డరులో, దానికి తెలిసిన వరుసలో అమర్చడం మరొక ఎత్తు. రెండవ డిస్కు సగం రైట్ అయ్యేసరికి కరెంటు పోయింది. మూడవది మొదటినుంచి బాగా నడిచి, సరిగ్గా హారతి దగ్గర నట్టింది. డీవీడీమీద వ్రాత లోపలి వలయంలో మొదలై బయటి అంచు వైపు సాగుతుంది. చౌక డిస్కును పదహారు రెట్ల వేగంతో నింపితే, పొరపాట్లు తరచు ఆ అంచునే పేరుకొంటాయి. వేగాన్ని నాలుగు రెట్లకు తగ్గించారు. మంచి రకం డిస్కులు తెచ్చారు. అరువు యూపీఎస్ ఒకటి పెట్టారు. వ్రాసిన దానిని మూలంతో సరిపోల్చి చూసే తనిఖీని ప్రతిసారీ జరిపించారు. అన్నిటికంటె ముఖ్యంగా, హారతి నాలుగు నిమిషాలను విడిగా ఒక డిస్కుమీద, లోపలి వలయంలోనే నిలిచేలా వ్రాయించారు.

"ఆ దగ్గు తీసేయనా మాస్టారూ? రెండు నిమిషాల పని, అతుకు తెలియదు" అన్నాడు విద్యార్థి.

"వద్దు అబ్బాయ్" అన్నారాయన. "అదీ ఆవిడదే."

అక్టోబరు మధ్యలో డిస్కులు స్పీడుపోస్టులో బయలుదేరాయి. పది రోజుల తరువాత చెల్లెలి ఫోను: అక్కడి ప్లేయరు డిస్కును కాసేపు తిప్పి చూసి తిరస్కరించింది. ప్రాంతపు తాళం కారణమేమోనని విద్యార్థి సందేహించాడు. కాని ఇంట్లో తయారైన డిస్కులకు ఆ తాళం ఉండదు. అసలు సంగతి వేరు. పాల్ చిత్రంలో 576 గీతలు, సెకనుకు 25 చిత్రాలు. అమెరికా అనుసరించిన ఎన్‌టీఎస్‌సీ డిస్కులో 480 గీతలు, సెకనుకు 29.97 చిత్రాలు. మన దేశంలో అమ్మిన ప్లేయర్లు చాలావరకు రెండు రకాలనూ చూపేవి. అక్కడివి అనేకం తమ రకాన్నే చూపేవి. ఆయన జీవితమంతా ఇతరులకు చెప్పిన పాఠమే ఇది: ఉత్తరం ఎంత బాగా వ్రాసినా, చేరే చోటి చిరునామా పద్ధతి తెలియకపోతే తిరిగి వస్తుంది. మళ్లీ రెండు రాత్రుల పని. నవంబరు మొదటి వారంలో కొత్త డిస్కులు రెండు వేర్వేరు కవర్లలో, రెండు వేర్వేరు రోజులలో వెళ్లాయి. ఒకటి తప్పిపోయినా మరొకటి చేరుతుందని ఆయన లెక్క.

డిస్కు చేతికి రాగానే పని ముగిసిందనుకొనేవారు చాలామంది. అది పొరపాటు. ఇంట్లో రైట్ చేసిన డిస్కులో గుర్తులు పడేది ఒక రంగు పొరమీద. ఎండకూ వేడికీ తేమకూ ఆ పొర క్రమంగా చెడుతుంది. వాటిని నిలువుగా, నీడలో భద్రపరచాలి. పైన కాగితం అంటించరాదు, గట్టి కలంతో వ్రాయరాదు. ఇన్ని జాగ్రత్తలు పాటించినా, ఆయన దగ్గర ఉంచుకొన్న మూడు ప్రతులలో ఒకటి 2019లో చదవడం మానుకొంది. అప్పటికే మూలపు ఫైలు రెండు వేర్వేరు హార్డుడిస్కులలో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉన్నందున నష్టం కలుగలేదు. తిరిగి మొదటినుంచి చేయవలసి వస్తే అంత సులువుగా ఉండేది కాదు. జపానుకు చెందిన ఫునాయి సంస్థ 2016 జులైలో వీసీఆర్ల తయారీని నిలిపివేసింది. అప్పటికి ప్రపంచంలో వాటిని తయారుచేస్తూ మిగిలినది అదొక్కటే. టేపులు బీరువాలలో ఉండిపోవచ్చు. వాటిని పలికించే యంత్రాలే ఏటేటా తరిగిపోతున్నాయి.

2007 డిసెంబరులో పెళ్లి జరిగిన మరునాడు, తెల్లవారుజామున తెనాలిలో ఫోను మోగింది. చెల్లెలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అన్నగారు భయపడ్డారు. డిస్కు మళ్లీ నట్టిందేమోనని ఆయన అనుమానం.

"అన్నయ్యా, నాకు పాట గుర్తుంది" అన్నదామె చివరికి. "అమ్మ దగ్గి నవ్విన సంగతి మరిచిపోయాను. అది వినగానే పక్కకు తిరిగి చూశాను, నీళ్లు కావాలేమోనని."

ఆయన ఫోను పెట్టేసి, నోటుపుస్తకం తెరిచి, చివరి వరుసలో తేదీ వేసి ఒక్క మాట వ్రాశారు. తపాలా శాఖలో ఎన్ని వేలసార్లు వ్రాశారో ఆయనకే తెలియని మాట అది: 'చేరినది.'